మాంద్యం ఆర్నెల్లే, దాని బాకీ నాలుగేళ్ళు

తాడిపత్రి నుంచి ఒకరు అడిగారు: "సార్, బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. రెండు మిషన్లు, పదకొండు మంది పనివాళ్ళు. మాంద్యం వస్తుందని, ప్రభుత్వాలు పొదుపు పేరుతో ఖర్చులు కోసేస్తాయని రోజూ టీవీలో వింటున్నాం. నిజంగా వస్తే ఎన్నాళ్ళుంటుంది? ఒకరు ఆర్నెల్లంటారు, ఇంకొకరు ఐదేళ్ళంటారు. కాంట్రాక్టరు దగ్గర నా బిల్లులు ఇప్పటికే ఆగాయి. మా ఇంటావిడ నగలు బ్యాంకులో పెట్టి, మంచిరోజులు వచ్చేదాకా ఫ్యాక్టరీని లాగొచ్చా?"

ఆర్నెల్లన్నవాళ్ళదీ అబద్ధం కాదు, ఐదేళ్ళన్నవాళ్ళదీ అబద్ధం కాదు. మొదటివాళ్ళు మాంద్యం గురించి చెబుతున్నారు, రెండోవాళ్ళు పొదుపు గురించి చెబుతున్నారు. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, మీ వీధి కష్టం. అది అన్నిటికంటే ఆలస్యంగా మొదలై అన్నిటికంటే ఆలస్యంగా పోతుంది. టీవీలో దాని లెక్క రాదు. మీ నగల ప్రశ్నకు జవాబు దాంట్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నేను 1985లో బ్యాంకు క్లర్కుగా చేరి 2021 జూన్‌లో మేనేజరుగా రిటైరయ్యాను. సర్వీసంతా నంద్యాల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల బ్రాంచీల్లోనే గడిచింది. చదివింది బీకాం, పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు రావు. కానీ అప్పుల లెడ్జరు ముప్పై ఆరేళ్ళు తిరగేసినవాడికి దేశం జ్వరం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో కొంత తెలుస్తుంది. రోగి లేచి నడవడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఇంకా బాగా తెలుస్తుంది.

ముందు 2020 సంగతి చెబుతాను, అందరికీ గుర్తుంటుంది కాబట్టి. వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ, అంటే దేశం మొత్తం ఉత్పత్తి విలువ, తగ్గితే వాడుకలో దాన్ని మాంద్యం అంటారు. ఆ ఏడాది ఏప్రిల్-జూన్‌లో మన జీడీపీ మొదటి అంచనా ప్రకారం 23.9 శాతం పడిపోయింది. జూలై-సెప్టెంబరులో 7.5 శాతం తగ్గింది. అక్టోబరు-డిసెంబరులో 0.4 శాతం పెరిగింది. అంటే లెక్క ప్రకారం మాంద్యం రెండు త్రైమాసికాలే. ఆ పెరుగుదల లెక్క 2021 ఫిబ్రవరి 26న, శుక్రవారం సాయంత్రం బయటికొచ్చింది. దేశం మాంద్యం నుంచి గట్టెక్కిందని రాత్రి టీవీలన్నీ ఒకటే మాట.

సోమవారం పొద్దున నేను బ్రాంచికి వెళ్ళేసరికి నగల కౌంటరు దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. మైలవరం వైపు పల్లె. భర్త ఆటో నడుపుతాడు. 2020 ఆగస్టులో 32 గ్రాముల గొలుసు పెట్టి లక్షా నలభై వేలు తీసుకున్నారు. అప్పట్లో బంగారం ధర ఆకాశంలో ఉంది, 24 క్యారెట్లది పది గ్రాములు 56 వేల దాకా పోయింది. పైగా కష్టకాలం కదా అని రిజర్వు బ్యాంకు వ్యవసాయేతర నగల అప్పులకు విలువలో 75 శాతం పరిమితిని 2021 మార్చి దాకా 90 శాతానికి పెంచింది. మంచి ఉద్దేశమే. మేమూ అడిగినవాళ్ళకు అడిగినంత ఇచ్చాం. ఏడు నెలల్లో బంగారం ధర దిగిపోయింది. ఆ సోమవారం మా అప్రైజరు గొలుసు మళ్ళీ తూకం వేసి, గీటురాయి మీద గీసి, కాగితం మీద లెక్క రాసి నా వైపు తిప్పాడు. గొలుసు విలువ లక్షా ముప్పై ఆరు వేలు, వడ్డీతో బాకీ లక్షా నలభై ఆరు వేలు. ఆవిడ చేతిలో మేం పంపిన నోటీసు నాలుగు మడతలు పెట్టి ఉంది. "తేడా కట్టకపోతే వేలానికి పోతుందంట గదా సార్" అంది. పోతుంది. ఆ నోటీసు కింద సంతకం నాదే.

దేశం మాంద్యం నుంచి బయటపడిన మూడో రోజు అది. ఆవిడ మాంద్యం అప్పుడే మొదలైంది. ఇంకో రెండు నెలలకు కోవిడ్ రెండో అల వచ్చి ఆటో మళ్ళీ ఇంటి ముందు నిలబడింది.

ఫ్యాక్టరీలవాళ్ళ సంగతీ అంతే. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు కిస్తీలకు మారటోరియం ఇచ్చారు. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. మే నెలలో కేంద్రం గ్యారంటీతో అత్యవసర రుణాలొచ్చాయి, ఉన్న బాకీలో 20 శాతం దాకా. మీ ఊళ్ళో కూడా చాలామంది తీసుకుని ఉంటారు. వాటి గడువు నాలుగేళ్ళు. మొదటి ఏడాది వడ్డీ మాత్రమే, తర్వాత మూడేళ్ళు అసలు కూడా. అంటే ఆర్నెల్ల మాంద్యానికి తీసుకున్న అప్పు 2024 దాకా కట్టాలి. మాంద్యం ఎన్నాళ్ళు అని నన్నెవరైనా అడిగితే ముందు నాకు గుర్తొచ్చేది ఆ నాలుగేళ్ళే.

ఇక అన్ని మాంద్యాలూ ఒకేలా ఉండవు. ఎంతకాలం అనే ప్రశ్నకు ముందు ఎందుకొచ్చింది అని అడగాలి. వాన వల్లనో చమురు వల్లనో వచ్చింది తొందరగా పోతుంది. 1979-80 చూడండి. దేశమంతా కరువు, ఇరాన్ గొడవతో చమురు ధర రెట్టింపు. ఆ ఏడాది మన జీడీపీ 5.2 శాతం తగ్గింది. అప్పుడు రాష్ట్రపతి మీ జిల్లావాడే, ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు. మరుసటి ఏడు వానలు పడ్డాయి, జీడీపీ పడినంతా లేచి ఇంకా పైకి పోయింది. పుస్తకాల్లో అది ఒక్క ఏడాది ముచ్చట. మా నాయన ముద్దనూరు దగ్గర ఎనిమిదెకరాల మెట్టలో శెనక్కాయ వేసేవాడు. ఆ ఏడు విత్తనం కాయలు కూడా చేతికి రాలేదు. మరుసటి ఏడు విత్తనానికి అప్పు, ఎద్దుల్లో ఒకటి అమ్మితే దాని బదులు కొనడానికి ఇంకో అప్పు. ఆ రెండు ప్రోనోట్లూ చింపేసింది నాకు ఉద్యోగం వచ్చాక, 1986లో. దేశానికి ఏడాది పట్టింది, మా ఇంటికి ఏడేళ్ళు పట్టింది.

విదేశీ మారకం అయిపోవడం వల్ల వచ్చేది ఇంకో రకం. 1991లో మన దగ్గర రెండు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా లేని పరిస్థితి వచ్చింది. జూలైలో 47 టన్నుల బంగారం విమానాల్లో పంపి తాకట్టు పెట్టారు. అదే నెల మొదట్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అప్పుడు నేను నంద్యాల దగ్గర బ్రాంచిలో ఫీల్డాఫీసర్ని. జూలై 24 బడ్జెట్‌లో మన్మోహన్ సింగ్ గారు ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవ జరిగితే 30కి తగ్గించారు, చిన్న రైతులకు మినహాయింపు ఇచ్చారు. కేసీ కాలువ కింద వరి వేసినవాళ్ళు చిన్న రైతునని ఎవరితో రాయించుకోవాలో తెలియక ఎరువుల అంగడి నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఇంకో ఆఫీసుకి తిరగడం ఇంకా కళ్ళముందే ఉంది. అక్టోబరుకల్లా పెద్ద అప్పుల మీద కనీస వడ్డీ 20 శాతం. విదేశాల నుంచి సరుకు తెప్పించుకోవాలంటే దాని విలువకు రెట్టింపు సొమ్ము ముందుగా బ్యాంకులో మార్జిన్ కట్టాలని అంతకుముందే రూలొచ్చింది. మిషన్లకు విడిభాగాలు దొరక్క షెడ్లు మూసినవాళ్ళున్నారు. నవంబరులో పీవీ నరసింహారావు గారు మా నంద్యాల నుంచే పోటీ చేసి 5 లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. ఆ ఊరేగింపు వెళ్ళిన వీధిలోనే మా బ్రాంచి. లోపల ధరల పట్టికలో వడ్డీ మాత్రం తగ్గలేదు.

విచిత్రం ఏమిటంటే 1991-92లో జీడీపీ సున్నా కిందికి పోలేదు. ఒకటిన్నర శాతం లోపైనా పెరిగింది. లెక్క ప్రకారం అది మాంద్యమే కాదు. కానీ ధరలు ఆగస్టులో 17 శాతం దరిదాపుల్లో పెరిగాయి. నా సర్వీసులో జనం అంత ఇరుక్కుపోవడం మళ్ళీ 2020లోనే చూశాను. అందుకే టీవీలో మాంద్యం వచ్చిందా రాలేదా అని అరుచుకుంటుంటే నేను చానెల్ మార్చేస్తాను. మరుసటి ఏడాదికల్లా పెరుగుదల 5 శాతం దాటింది. డాలర్ల జబ్బు అలాంటిది. మందు చేదు, కానీ సరిగ్గా పడితే ఏడాదిన్నర, రెండేళ్ళలో లేచి కూర్చోవచ్చు. శ్రీలంక కూడా 2022 ఏప్రిల్‌లో బాకీలు కట్టలేమని చేతులెత్తేసి, రెండేళ్ళు కుంగి, 2024లో మళ్ళీ పెరిగింది. వాళ్ళ ధరలు 2022 సెప్టెంబరులో 70 శాతం దాకా పెరిగాయి. తర్వాత పెరగడం ఆగింది గానీ పెరిగినవి మళ్ళీ పాత ధరలకు దిగిరాలేదు. దీన్ని మన జనం గమనించరు. ధరల పెరుగుదల తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు.

అన్నిటికంటే మొండిది బ్యాంకులూ స్థలాలూ కలిసి మునిగిన మాంద్యం. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైంది 2009 జూన్‌లో ముగిసింది, 18 నెలలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి మాంద్యాల సగటు పది, పదకొండు నెలలే. దాని పక్కన పెడితే ఇది పెద్దది, 1929లో మొదలైన 43 నెలల దాని పక్కన పెడితే చిన్నది. అది మొదలైందని అధికారికంగా చెప్పింది ఎప్పుడో తెలుసా? ఏడాది తర్వాత, 2008 డిసెంబరులో. ముగిసిందని చెప్పింది 2010 సెప్టెంబరులో. నిరుద్యోగం 10 శాతానికి చేరింది 2009 అక్టోబరులో, అంటే మాంద్యం ముగిసిన నాలుగు నెలలకు. అది మళ్ళీ పాత స్థాయికి రావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. జపాన్ అయితే సరేసరి. 1989 డిసెంబరులో వాళ్ళ షేర్ల సూచీ ఎక్కిన మెట్టు మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్ళు! ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యేంత కాలం.

ఇప్పుడు పొదుపు దగ్గరకు వద్దాం. మీ ఫ్యాక్టరీకి అసలు దెబ్బ ఇక్కడే.

మాంద్యంలో అమ్మకాలు తగ్గుతాయి, పన్నులు తగ్గుతాయి. ప్రభుత్వం అప్పు చేసి నడుపుతుంది. మాంద్యం పోయాక ఆ అప్పు మిగులుతుంది. అందుకే పొదుపు మాంద్యంతో పాటు పోదు, సగం సార్లు మాంద్యం పోయాకే మొదలవుతుంది. 2020-21లో కేంద్రం ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి చేసిన ఖర్చు, జీడీపీలో 9 శాతం దాటింది. దాన్ని 2025-26 నాటికి 4.5 శాతం కిందికి తెస్తామని 2021 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు చెప్పారు. గుర్తుపెట్టుకోండి, అది ఐదేళ్ళ గడువు, ఆర్నెల్ల మాంద్యానికి. 2024-25కు 4.8 శాతానికి వచ్చారు, 2025-26 బడ్జెట్‌లో 4.4 అని రాశారు. దేశం ఏటా పెరుగుతున్నా ఇంతకాలం పట్టింది. పెరగని దేశానికి ఎంత పడుతుందో గ్రీసును చూస్తే తెలుస్తుంది. 2010లో మొదటి విడత సాయం, 2018 ఆగస్టులో ఆ కార్యక్రమం నుంచి బయటికి రావడం. ఈలోపు వాళ్ళ జీడీపీ పాతిక శాతం దాకా కరిగిపోయింది. 2013లో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా పనిలేదు. తమాషా ఏమిటంటే, అప్పు తగ్గించడానికని కోతలు పెడితే జీడీపీలో అప్పు వాటా 127 శాతం నుంచి 180 దరిదాపులకు పోయింది. ఆదాయం అప్పుకంటే వేగంగా తగ్గితే జరిగేది అదే. ఆవుకు దాణా తగ్గించి పాల బాకీ తీర్చాలనుకోవడం లాంటిది. కోతల వల్ల జరిగే నష్టాన్ని తక్కువ అంచనా వేశామని, ఆ సాయంలో వాటా ఉన్న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) తర్వాత తనే ఒప్పుకుంది.

బ్రిటన్‌వాళ్ళు 2010లో ఐదేళ్ళన్నారు. పొదుపు ముగిసిందని ప్రధాని థెరిసా మే 2018 అక్టోబరులో ప్రకటించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది 1945లో అయితే అక్కడ రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. గడువు చెప్పి మొదలుపెట్టిన పొదుపు ఆ గడువులోపల ముగియడం నేను ఎక్కువ చూడలేదు.

మన దగ్గర ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది, మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళవాళ్ళనడిగితే చెబుతారు. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకం మిగుల్చుకోవాలని 1963 జనవరిలో బంగారం నియంత్రణ తెచ్చారు. 14 క్యారెట్లకు మించిన నగ కొత్తగా చేయకూడదన్నారు. 14 క్యారెట్ల తాళిబొట్టు ఎవరు కట్టించుకుంటారండీ? మా వీధిలో ఒక ఆచారి గారుండేవారు. కొలిమి ఆర్పేసి మూడేళ్ళు కిరాణా అంగట్లో పొట్లాలు కట్టానని చెప్పేవారు. ఆ నియమం తర్వాత సడలింది గానీ 1968లో ఏకంగా చట్టమే వచ్చింది. అది రద్దయింది 1990లో. యుద్ధం నెల రోజులు, పొదుపు ఇరవై ఏడేళ్ళు! రద్దయిన మరుసటి ఏడాదే దేశం బంగారాన్ని తాకట్టు పెట్టింది, అది వేరే కథ.

అయితే మా ఆచారి గారికి తగిలినట్టు పొదుపు అందరికీ సమంగా తగలదు. ఏ ప్రభుత్వ బడ్జెట్ తీసినా జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ముందు వరసలో ఉంటాయి. వాటిని కోయడం కష్టం. కోస్తే అందరికీ తెలుస్తుంది. కేంద్ర ఉద్యోగులకు 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా పద్దెనిమిది నెలలు డీఏ పెంపు ఆపారు. జూలైలో 17 శాతం నుంచి 28కి పెంచారు గానీ మధ్యలోది ఇవ్వలేదు. ఆ బకాయి గురించి సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి. జీతం ఆపితే సాయంత్రానికి కలెక్టరేట్ ముందు టెంటు లేస్తుంది. కాలువ పని ఆపితే కాలువ వచ్చి ధర్నా చేయదు. అందుకే కత్తి ఎప్పుడూ పనుల మీదే పడుతుంది. స్కూలు గదులు, కాలనీ ఇళ్ళు, ఆఫీసు వరండాలు, అంటే మీ బండలు ఎక్కడ పరుస్తారో అక్కడ. ఏ ప్రభుత్వమని అడగకండి, అన్ని రంగుల జెండాల కిందా చూశాను. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. కోవిడ్ తర్వాత కేంద్రం లోటు తగ్గిస్తూనే రోడ్లు, రైళ్ళ లాంటి పనుల మీద ఖర్చు పెంచింది, వాటికి 2023-24 బడ్జెట్లో 10 లక్షల కోట్లు కేటాయించింది. పొదుపు అంటే పనులు ఆగడమే అని రాసిపెట్టి లేదు. కానీ ఆ డబ్బు హైవేలకు పోతుంది, హైవే మీద నాపరాళ్ళు పరవరు.

పని ఆగడం కూడా ఒక్కసారిగా జరగదు. పని నడుస్తుంది, బిల్లు ఆగుతుంది. ఇంజినీరు కొలతల పుస్తకం ఎం-బుక్‌లో కొలతలు రాస్తాడు, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి ఎక్కుతుంది, టోకెన్ వస్తుంది, డబ్బు రాదు. కాంట్రాక్టరు మీకు ఈ నెల కాదు వచ్చే నెల అంటాడు. మీరు గనివాడికి అదే మాట చెబుతారు. గనివాడు లారీవాడికి చెబుతాడు. చివరికి ఆ మాట చెప్పడానికి ఎవరూ మిగలని మనిషి ఇంట్లోంచి నగ బయటికొస్తుంది. అందుకే ప్రభుత్వం మళ్ళీ డబ్బులు విడుదల చేసిన రోజు మీకు పండగ కాదు. ఆ డబ్బు ముందు కాంట్రాక్టరు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులో మునుగుతుంది, తర్వాత సిమెంటు డీలరుకు పోతుంది, ఎందుకంటే అతను సరుకు ఆపేయగలడు. బండలవాడికి ఆఖరున వస్తుంది. నేను చూసిన ఖాతాల్లో, ప్రభుత్వ చెల్లింపులు మామూలయ్యాక చిన్న సరఫరాదారుడి బాకీ పూర్తిగా తీరడానికి ఇంకో ఏడాది, ఏడాదిన్నర పట్టేది.

కాబట్టి మీకు నా లెక్క ఇది. వస్తే, మాంద్యం ఏడాది అనుకోండి. బ్యాంకులు కూడా మునిగితే రెండేళ్ళు. పొదుపు నాలుగైదేళ్ళు. అందులో మొదటి రెండేళ్ళు గట్టిగా ఉండి, ఆ తర్వాత ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు సడలుతుంది. 1991 తర్వాత కూడా లోటు రెండేళ్ళు తగ్గి 1993-94లో మళ్ళీ 7 శాతానికి పోయింది. మీ ఫ్యాక్టరీకి మాత్రం మూడేళ్ళ లెక్క వేసుకోండి. ఆర్నెల్లలో పోతే సంతోషం, లాభమే. మూడేళ్ళ లెక్క వేసుకుని ఆర్నెల్లలో గట్టెక్కినవాణ్ణి ఎవరినీ వేలం నోటీసు పట్టుకుని నా ముందు కూర్చోగా చూడలేదు. ఆర్నెల్ల లెక్క వేసుకుని మూడేళ్ళు ఇరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను.

టీవీ కంటే ముందుగా తెలియాలంటే మీ ఊళ్ళో చీటీ పాటలు గమనించండి. లక్ష రూపాయల చీటీ మొదటి నెలల్లోనే ముప్పై వేలు, ముప్పై ఐదు వేలు పోగొట్టుకుని పాడుకుంటున్నారంటే ఊళ్ళో చేతి డబ్బు ఎండిపోయినట్టే. ఆ పాట ఇరవై లోపలికి దిగిందంటే తడి వస్తోందన్నమాట. ఇంకోటి, సిమెంటు అంగడివాడు ఎన్ని రోజుల అరువిస్తున్నాడో చూడండి. అతను ముప్పై రోజుల నుంచి రొక్కానికి మారితే మీరూ మారిపోవాలి. ధర్మవరం పట్టుచీరల ఆర్డర్లు, చీనీ తోటల గుత్తల అడ్వాన్సులు కూడా చెబుతాయి గానీ, అవి పెళ్ళి ముహూర్తాలతో, ఢిల్లీ మార్కెట్‌తో కలిసిపోయి ఉంటాయి, మోసపోతాం.

ఇక మీ ఇంటి లెక్క. నగలు పెట్టొద్దు అని నేను అనను. నగ ఉన్నదే అందుకు. కానీ దేనికి పెడుతున్నామన్నది ఉంది. చేతిలో రొక్కం ఆర్డరు ఉండి, సరుకు కొనడానికి అరవై రోజులకు పెడితే అది వ్యాపారం. కాంట్రాక్టరు ఎప్పుడిస్తాడో తెలియని బిల్లు వచ్చేదాకా జీతాలు, కరెంటు బిల్లు కట్టడానికి పెడితే ఆ గొలుసు కాంట్రాక్టరు మెళ్ళో వేసినట్టే. పెట్టక తప్పకపోతే బ్యాంకు ఎంత ఇస్తానన్నా విలువలో అరవై శాతం దాటి తీసుకోకండి, మైలవరం ఆవిడ లెక్క పైన రాశాను కదా. అన్నీ ఒకే లోనులో పెట్టకుండా మూడు లోన్లుగా పెట్టండి, డబ్బు కొంచెం వచ్చినా ఒక నగ విడిపించుకోవచ్చు. వడ్డీ మూడు నెలలకోసారి కట్టేయండి. ఏడాదికి రెన్యూవల్ చేసుకుందాం లెమ్మని వదిలేసినవాళ్ళకే చివర్లో గుండె గుభేలుమంటుంది.

రెండు మిషన్లలో ఒకటి ఆపేయండి, వీలైతే అమ్మేయండి. ఇది చెప్పడం తేలికని తెలుసు. అందరూ అమ్మడం మొదలుపెట్టాక పాత ఇనుము రేటు వస్తుంది, ఇప్పుడైతే మిషన్ రేటు వస్తుంది. పనివాళ్ళలో పదేళ్ళ నుంచి ఉన్న మేస్త్రీని మాత్రం ఎట్టి పరిస్థితిలో పోగొట్టుకోకండి. మిషన్ మళ్ళీ కొనొచ్చు, బండ రంగు చూసి పగులు చెప్పే మనిషి మళ్ళీ దొరకడు. ప్రభుత్వ పనుల కాంట్రాక్టర్లకు వేసే సరుకు మీ మొత్తంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు బేరం ఎక్కువ చేస్తారు, విసిగిస్తారు, కానీ లారీ దిగేటప్పుడే డబ్బిస్తారు.

బ్యాంకు అప్పు ఉంటే కిస్తీ ఆగిన మొదటి నెలలోనే మేనేజరు దగ్గరికి వెళ్ళండి. ముప్పై రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు అని మెట్లుంటాయి. తొంభై దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, తర్వాత మేనేజరు మంచివాడైనా చేతిలో ఏమీ ఉండదు. అరవైలోపు వచ్చినవాళ్ళకు గడువు పెంచడమో, కిస్తీ తగ్గించడమో ఏదో ఒకటి చేయగలిగేవాణ్ణి. మొహం చాటేసినవాళ్ళకు నోటీసు తప్ప ఏమీ ఇవ్వలేకపోయాను. మన సీమలో పరువు ఎక్కువ, అప్పు ఆగిందంటే బ్యాంకు ఉన్న వీధిలోకే రారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉందా? లేకపోతే ఇవాళే ఆధార్, పాన్ పెట్టి చేయించుకోండి, ఫీజు లేదు. చిన్న పరిశ్రమల చట్టం 2006 ప్రకారం మీ సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఆగిన బాకీల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెడితే ఆ కాంట్రాక్టరు మళ్ళీ మీ దగ్గర సరుకు కొనడని మీరనుకుంటారు, నిజమే, కొనకపోవచ్చు. డబ్బివ్వనివాడు కొనకపోతే మీకు పోయేదేమిటో ఒకసారి పెన్నూ కాగితం తీసుకుని లెక్క వేయండి. ఫిర్యాదు పెట్టకపోయినా, ఆ చట్టం పేరు వేసిన ఇన్‌వాయిస్ చూస్తే వరసలో మీరు సిమెంటువాడి పక్కకు జరగొచ్చు.

చివరిగా, ఆగిన బిల్లుల సంగతి. కాంట్రాక్టరు రేపిస్తా మాపిస్తా అంటుంటే వాదించకండి. ఏ పని, ఏ ఎం-బుక్, బిల్లు ఎక్కిందా, టోకెన్ నంబరెంత, ఈ నాలుగూ అడగండి. నంబరు చెప్పగలిగితే డబ్బు ప్రభుత్వం దగ్గరే ఆగింది, ఓపిక పట్టొచ్చు. చెప్పకుండా మాట దాటవేస్తే డబ్బు వచ్చేసింది, అతను ఇంకెక్కడో పెట్టాడు. అప్పుడు చేయాల్సింది వేరే. ఏ సంగతో కనుక్కుని మళ్ళీ రాయండి, అంతవరకు ఆ నగలు బీరువాలోనే ఉండనివ్వండి.